గాబ్రియేలు బొటనవేలి గుంత

గ్లౌజులు తొడుక్కుని పాలిష్ చేస్తే చేతులకు భద్రమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. గ్లౌజు దారం ఒక్కటి చక్రానికి చిక్కితే చాలు, దారం వెంట గ్లౌజు, గ్లౌజు వెంట వేలు పోతాయి. నిమిషానికి మూడు వేల చుట్ల దాకా తిరిగే గుడ్డ చక్రం అది. ఆగి ఉన్నప్పుడు చూస్తే తలకింద పెట్టుకుని పడుకోవచ్చనిపించేంత మెత్తగా ఉంటుంది. మెత్తగా కనిపించేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలని మా ఆయన అనేవాడు. నన్ను చూసి అన్న మాట కాదులెండి, నేనెన్నడూ మెత్తన కాదు.

నా పేరు యేసమ్మ. మెదక్‌లో రాందాస్ చౌరస్తా దాటి చర్చి వైపు వస్తుంటే కుడిచేతి వైపు మా దుకాణం. ముందు గదిలో మోటారు, వెనక రెండు గదుల్లో కాపురం. బోర్డు మీద ఇప్పటికీ మా ఆయన గాబ్రియేలు పేరే ఉంది. బిందెలు, గంగాళాలు మేం ముట్టుకోము. మెట్టెలు, ఉంగరాలు, కమ్మలు, గజ్జెలు, మెడలో వేసుకునే సిలువలు, అంటే గుప్పిట్లో పట్టే సామాను మాత్రమే పాలిష్ చేస్తాము. చిన్న వస్తువే కదా అని అందరూ తేలిగ్గా చూస్తారు గాని, ఈ పనిలో చిన్నదే ప్రమాదం. బిందెను రెండు చేతులా పట్టుకోవచ్చు. మెట్టెను ఎక్కడ పట్టుకుంటారు?

ఆ సంగతి నాకు పెళ్లయిన రెండో నెలలోనే తెలిసింది. మోటారు కింద మెట్టె పడిందని చెయ్యి దూర్చాను. నేనక్కడ ఉన్నట్టు చూసుకోక మా ఆయన స్విచ్ వేశాడు. అరచేతి అంచున నాలుగు కుట్లు పడ్డాయి. నాకంటే ఎక్కువ ఆయనే ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాడు. స్విచ్ మీద వేలు పెట్టి, "చేతులు!" అని అరిచేవాడు. నేను ఇంట్లో ఏ మూలన ఉన్నా, పిండి పిసుకుతున్నా, బట్టలు ఉతుకుతున్నా, గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తి చూపించాలి. చూశాకే స్విచ్ వేసేవాడు. నేను వంటింట్లో ఉన్నాను కదా, నా చేయి మోటారు కిందికి ఎట్లా వస్తుందని ఎంత వాదించినా వినేవాడు కాదు.

"ఏడికి పోతయయ్యా నా చేతులు? రాత్రి కోసుకొని దాచిపెట్టుకోరాదు?" అని కసిరేదాన్ని.

"కనవడాలె. కనవడితేనే నా పానం నిమ్మళం" అనేవాడు.

రోజుకు పదిసార్లు, ముప్పై రెండేళ్లు. చేతులెత్తీ ఎత్తీ విసిగిపోయాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఒక సోమవారం పొద్దున ఛాయ్ గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని, అట్లాగే పోయాడు. అప్పటి నుంచి మోటారు నేనే నడుపుతున్నాను. నా చేతులు ఎక్కడున్నాయని అడిగేవాళ్లు ఈ లోకంలో ఒక్కరూ లేరు.

ఇక మా ఆయన చెక్క గురించి చెప్పాలి. ఉంగరాన్ని గాని మెట్టెను గాని వేళ్లతో పట్టుకుని చక్రానికి ఆనించకూడదు. దాన్ని చెక్కకు బిగించి, చెక్కను పట్టుకోవాలి. చర్చిలో పాత టేకు బెంచీ విరిగితే ఆ ముక్క అడిగి తెచ్చుకుని, మా ఆయన అరచేతి నిండా వచ్చే చెక్క ఒకటి చేసుకున్నాడు. కొసన చిన్న గాడి, అందులో వస్తువు కదలకుండా కొట్టడానికి ఒక చిన్న చెక్క చీలిక. పాతికేళ్లు దాన్నే పట్టుకున్నాడు. పట్టుకోగా పట్టుకోగా ఆయన ఎడమ బొటనవేలు ఆనేచోట ఒక గుంత పడింది. ఆయనది ఎడమచేతి వాటం. బొటనవేలు వెడల్పుగా, చదునుగా ఉండేది. కప్ప బొటనవేలని నేను ఏడిపించేదాన్ని. మా అమ్మాయి ఫేబకు ఆ వాటమూ వచ్చింది, ఆ వేలూ వచ్చింది. చిన్నప్పుడు ప్రతి పుట్టినరోజుకూ ఆ గుంతలో తన వేలు పెట్టి కొలుచుకునేది. ఇంటర్ చదివేనాటికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. తండ్రీకూతుళ్లు ఆ రోజు లోకాన్ని గెలిచినట్టు నవ్వుకున్నారు.

ఇంట్లో ఆయన ఫోటోలు మూడున్నాయి. ఫోటోల్లో మనిషి పెళ్లికి వెళ్తున్నవాడిలా బిగుసుకుని ఉంటాడు, నాకు పనికిరాడు. ఆ గుంతలో నా బొటనవేలు పెట్టినప్పుడు మాత్రం ఆయన నా చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. సిగ్గెందుకు, ఉన్నమాటే చెప్తున్నాను. నాకు మిగిలింది అదొక్కటే. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టే.

నాదేమో కుడిచేతి వాటం. ఆ గుంతలో నా వేలు కూర్చోవాలంటే చెక్కను ఎడమ చేత్తో పట్టాలి. ఆరేళ్లుగా ఎడమ చేత్తోనే పట్టాను. నా ఎడమ చేతిలో బలం లేదు, చింతపండు పిండినా గుజ్జు సగం మిగిలిపోతుంది. అట్లా చేయొద్దని ఇంకెవరికైనా నేనే చెప్పేదాన్ని. నాకు నేను చెప్పుకోలేదు.

శనివారం సాయంత్రం సామానంతా శుభ్రం చేసేదాన్ని. ఆదివారం చర్చికి వెళ్లాలి, దుకాణం మూసి ఉంటుంది. పాలిష్ సబ్బు మసి చెక్కకు పేరుకుంటే వేలు జారుతుంది, అందుకని చెక్కనూ తుడవాలి. ఆయనైతే ఏదో పాత గుడ్డతో అటూ ఇటూ రుద్ది పడేసేవాడు. ఆయన శుభ్రం అంతంతమాత్రం. నేను కిరసనాయిలు పూసి, సన్న ఇసుక కాగితం బొటనవేలికి చుట్టి గుంత లోపలా, మసి పట్టిన పై అంచులూ నున్నగా రుద్ది, తళతళలాడించి, తెల్లబట్టలో చుట్టి పెట్టేదాన్ని. ఆ అరగంట మా ఇద్దరిదీ. వారమంతా పోగైన కబుర్లు చెప్పుకునేదాన్ని. వీధిలో ఎవరు ఎవరితో కొట్లాడారు, ఫేబ కుల్చారం బడిలో ఏ పాఠం చెప్పింది, అన్నీ.

మొన్న నవంబరు ఆఖరి సోమవారం హవేలిఘనపూర్ నుంచి లలితమ్మ వచ్చింది. ముప్పై ఎకరాల ఆసాములు, మా పాత గిరాకీ. పోయిన ఏడాది ఆమె భర్త రాంచందర్ పోయాడు. కొంగు ముడి విప్పి ఒక వెండి ఉంగరం నా చేతిలో పెట్టింది. నల్లబడింది. దాని మొహం మీద 'రా' అని చెక్కిన అక్షరం సన్నగా కనిపిస్తోంది.

"బేస్తవారం మా పటేలు సంవత్సరీకం. ఫోటో ముంగట పెడుత. తర్వాత నేనే తొడుక్కుంట. జర మంచిగ మెరిసేటట్టు చెయ్యి, యేసమ్మా" అంది.

నాకు చెప్పడం ఇష్టం. ఎవరైనా దొరికితే వదలను.

"లలితమ్మక్కా, పాలిష్ అంటే ఏందనుకున్నవ్? మెరుపు తెచ్చి అద్దుడు కాదు. పైన పొర తీసేసుడు. చేసినప్పుడల్ల జరంత వెండి పోతది. ఈ అక్షరం ఇప్పటికే అరిగింది. ఒక్కసారి చక్రం మీద ఒత్తితే మీ పటేలు పేరు మళ్ల కనవడది."

లలితమ్మ గభాల్న ఉంగరం లాక్కుని గుప్పిట బిగించింది.

"అవ్వో! అయితే వద్దే తల్లీ. నల్లగనే ఉండనియ్యి."

"ఊకో అక్కా, గట్ల పరేషాన్ గాకు. లోపల, పక్కల మెరిపిస్త. అక్షరం మీద చక్రం తాకనియ్య. నాది జిమ్మెదారి. మనం పావురంతోని, గంత ప్రేమతోని ఎక్కువ రుద్దినదే ముందుగాల పోతది. మా దుకాణానికి వచ్చినోళ్లందరికి గిదే చెప్త."

ఈ ముక్క నా నోటితోనే అన్నాను. దీపం కిందే చీకటని ఊరికే అన్నారా?

"బుధవారం పొద్దుగాల రా అక్కా" అని చెప్పి పంపాను. గుప్పిట విప్పి ఉంగరం నాకివ్వడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మంగళవారం మధ్యాహ్నం కూర్చున్నాను. గాజులు తీశాను, కొంగు దోపాను, జుట్టు ముడేసి గుడ్డ కట్టాను, కళ్లద్దాలు పెట్టాను. చక్రం కింద పెట్టెలో గోనెసంచి పరిచాను, వస్తువు ఎగిరిపడినా సొట్ట పడకుండా. అన్నీ ఆయన నేర్పినవే. అక్షరం మీద నాలుగు మడతల గుడ్డ అంటించాను. ఉంగరాన్ని గాడిలో పెట్టి చీలిక కొట్టి, చెక్కను ఎడమ చేత్తో పట్టుకున్నాను. బొటనవేలు వెళ్లి గుంతలో కూర్చుంది.

చక్రం నడుమకు కిందుగానే వస్తువు పట్టాలి. కింద పట్టినప్పుడు అది జారినా కింద గోనె మీద పడుతుంది. నడుమ దాటి పైకి పోయిందా, చక్రం దాన్ని లాగి మన మీదికే విసురుతుంది. ఇది తెలియని దాన్ని కాను. కాని అప్పుడే చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైంది. మగవాళ్ల బొంగురు వరుసలో ఆయన గొంతు ఉండేది. అది లేకుండా ఆ వరుస నాకు పళ్లూడిన నోరులా వినిపిస్తుంది. వింటూ గుంతలో వేలిని ఇంకా లోపలికి ఒత్తుకున్నాను. ఆ చెయ్యి దొరుకుతుందేమోనని. కళ్లు ఉంగరం మీద లేవు. చెక్క ఎప్పుడు పైకి లేచిందో చూసుకోలేదు.

ధన్‌మని మోత. చెక్క నా చేతిలో లేదు.

మోటారు ఆపాను. తర్వాత నేను చూడాల్సింది నా చేతిని. లేదంటే నమ్మి ఇచ్చిన ఉంగరాన్ని. నేను మాత్రం నేల మీద మోకాళ్లతో పాకుతూ చెక్క కోసం వెతికాను. బల్ల కింద దొరికింది. ఒక మూల చిట్లింది గాని గుంత అట్లాగే ఉంది. దేవా, నీకు స్తోత్రం అనుకుని గుండెలకు హత్తుకున్నాను. అప్పుడు చూశాను, చెక్కంతా రక్తం. నా బొటనవేలి గోరు సగం లేచిపోయింది. ఉంగరం గోనెసంచిలో పడి ఉంది. గుడ్డ ఊడలేదు, అక్షరం భద్రంగా ఉంది. ఆయన గోనె ఆ ఉంగరాన్ని కాపాడింది.

దవఖానలో మూడు కుట్లు వేసి ఎడమ చేతికి పెద్ద కట్టు కట్టారు. సాయంత్రం కుల్చారం బస్సు దిగి ఫేబ వచ్చింది. చెప్పుల చప్పుడుకే తెలిసింది, కోపంగా ఉందని. అది నా కూతురు మరి.

"ఎన్నిసార్లు చెప్పిన? కుడిచేతి మనిషివి, ఎడమ చేత్తోని ఎందుకు పట్టినవే? ఇంకో చెక్క కోసుకుంటే ఏం పోతది? వేలు మొత్తానికి ఊడిపోతే ఏం చేద్దువు?"

"ఊడితే ఊడనియ్యి."

"అమ్మా!"

ఇక దాచలేకపోయాను. "ఆ గుంతల మీ బాపు ఉన్నడే. నా వేలు పెడితే నా చెయ్యి పట్టుకున్నట్టుంటది. ఆరేండ్ల సంది గందుకే పడుతున్న. తిట్టుకుంటే తిట్టుకో. నాకు మీ బాపు కావాలె" అన్నాను. అరవై ఏళ్ల దాన్ని, పసిపిల్లలా అన్నాను.

ఫేబ లేచి కంచం తెచ్చింది. నాకు అన్నం కలిపి పెట్టింది. రెండు ముద్దలయ్యాక, "రేపు బడికి పోను. లలితమ్మ పెద్దమ్మ ఉంగరం నేను చేస్త" అంది.

దానికి పని వచ్చు. తండ్రి దగ్గర సెలవుల్లో కూర్చుని నేర్చుకుంది. బుధవారం పొద్దున్నే చున్నీ తీసి మేకుకు తగిలించింది. గాజులు తీసింది. చెక్క మీద రక్తం కడిగింది. నేను తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఫేబ చెక్కను ఎడమ చేతిలోకి తీసుకుంది. తండ్రి వాటం, తండ్రి చెక్క. చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

బొటనవేలు గుంతలో పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"అమ్మా, పడుతలేదు."

"సక్కగ పెట్టు. ఇంటర్లనే సరిపోయె గద."

"అప్పుడు సరిపోయింది. ఇప్పుడు పక్కల తాకుతున్నది. సన్నగుంది, లోతుగుంది." కిటికీ వెలుగులో చెక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. చెక్కను నా దగ్గరికి తెచ్చి, కట్టు కట్టని నా కుడి బొటనవేలిని పక్కన పెట్టి చూసింది. "గిది బాపు గుంత కాదమ్మా. నీ వేలు."

నేను నమ్మలేదు. అబద్ధాలకోరు దానా అన్నాను. దాని చేయి లాగి ఆ కప్ప బొటనవేలిని నేనే ఒత్తి చూశాను. రెండు వైపులా అంచుల మీదే నిలబడిపోయింది, లోపలికి పోలేదు.

"దీన్ని దేంతోని తుడుస్తున్నవ్?" అని అడిగింది.

అది నా చూపు పోయిన వైపు చూసింది. అరలో కిరసనాయిలు సీసా, దాని పక్కన మడిచి పెట్టిన ఇసుక కాగితం.

ఆరేళ్లలో మూడు వందల శనివారాలు. ప్రతి శనివారం అరగంట. ఆయన పాతికేళ్లు కూర్చుని చేసుకున్న చోటును ముద్దు చేస్తూ, కబుర్లు చెప్తూ, పొరపొరగా నేనే తీసేశాను, ఆ చోట నా వేలినే దించుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకున్నాననుకున్నాను. ఎన్నేళ్ల నుంచి నా చేతిని నేనే పట్టుకుని కూర్చున్నానో! లలితమ్మకు అంత పెద్ద పాఠం చెప్పిన నోరు ఇది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పైటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు వచ్చినవాళ్లకు కుర్చీలు వేయడంతోనే సరిపోయింది.

ఫేబ నా పక్కన కూర్చోలేదు. వీపు నిమరలేదు. అట్లాంటివి మా ఇంటావంటా లేవు. లేచి వెళ్లి ఇసుక కాగితాన్ని ఉండ చుట్టి బయట మోరీలో పడేసి వచ్చింది.

అదే సమయానికి లలితమ్మ ఆటో దిగింది. నా కట్టు చూసి, నా మొహం చూసి, గడపలోనే ఆగిపోయింది.

"ఏమైందే యేసమ్మా? అక్షరం పోయిందా?"

"అక్షరం ఉంది పెద్దమ్మా. కూసోండ్రి. పది నిమిషాల్ల ఇస్త" అంది ఫేబ.

లలితమ్మ నా పక్క స్టూలు మీద కూర్చుంది. ఎందుకు ఏడుస్తున్నానని అడగలేదు. ఏడాదిగా తానూ ఆ పనిలోనే ఉంది కదా. తన చేతిని నా మోకాలి మీద వేసి, తీయడం మరిచిపోయింది.

ఫేబ ఉంగరాన్ని గాడిలో బిగించింది. గుంతలో వేలు పట్టదు కాబట్టి, గుంత పక్కన బొటనవేలు ఆనించి పట్టుకుంది. చక్రం నడుమకు రెండు వేళ్లు కిందుగా చెక్కను నిలిపి దూరం చూసుకుంది. కళ్లద్దాలు దించుకుంది. అప్పుడు కుడి చేతి వేలు స్విచ్ మీద పెట్టి, మా వైపు తిరగకుండానే గట్టిగా అరిచింది.

"చేతులు!"

లలితమ్మ ఉలిక్కిపడి, ఎందుకో ఏమిటో తెలియక, తన రెండు చేతులూ పైకెత్తేసింది.

నేను ఎత్తలేదు. వినపడక కాదు. ఆరేళ్ల తర్వాత నన్ను ఎవరో అడిగారు. ఇంకొక్కసారి అడగనీ అనుకున్నాను.

ఫేబ వేలు స్విచ్ మీదే ఆగింది. మెడ తిప్పి భుజం మీదుగా నన్ను చూసింది. విసుగు పడలేదు. ఎంతసేపైనా ఆగేటట్టే ఉంది.

"అమ్మా, చేతులేవి? కనవడాలె."

ఎత్తాను. కుడిది మామూలుగా లేచింది. కట్టు కట్టిన ఎడమది నెమ్మదిగా లేచింది. రెండూ ఆ పిల్లకు బాగా కనపడేదాకా, నొప్పి పెడుతున్నా, పైనే ఉంచాను.

"ఉన్నయి బిడ్డా. రెండూ ఉన్నయి" అన్నాను.

అప్పుడు స్విచ్ వేసింది.